ఆవు అడుగుపెట్టిన ఇల్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై రెండేళ్ళు అద్దెకుండి, రిటైరయ్యాక బడంగ్‌పేట్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశం మర్నాడు పూజగది గడప పక్కన మా ఆవిడకు మూడు పిడుదులు కనిపించాయి. రక్తం తాగి ఆముదపు గింజల్లా బలిసి ఉన్నాయి. పాకే వయసు మనవరాలు ఆ గచ్చు మీదే ఆడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటి ముందు ఒక నల్ల కుక్క ఉండేది. ఇల్లు కట్టినన్నాళ్ళూ కాపలా ఉండి, ఇంకా గేటు బయటి రేకుల షెడ్డులోనే ఉంటున్న నల్గొండ వైపు మొగుడూ పెళ్ళాలు దాన్ని పెంచారు. సిమెంటు బస్తాల పక్కనే పడుకునేది. పరాయివాడు మా ఇసుక మీద కాలు పెడితే ఊరుకునేది కాదు.

"ఈ దరిద్రం ఇక్కడుంటే మీరూ ఉండొద్దు," అని వాళ్ళిద్దరి మీదా అరిచాను.

"గా గోమార్లు దీనియి కాదు సార్. ఇది గేటు లోపలికే రాలే. జర సూడుండ్రి, ఒంటి మీద ఒక్కటన్న ఉందా?" అంది కాపలావాడి భార్య, కుక్క చెవులు విప్పి చూపిస్తూ.

నేను చూడలేదు. వంగి చూస్తే నా సొమ్మేం పోయేది! సాయంత్రం ఆమె భర్త దాన్ని ఆటోలో ఎక్కించుకుపోయి ఎల్బీ నగర్ అవతల వదిలేసి వచ్చాడు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మూడో రోజు చెప్పుల స్టాండు కింద మరో రెండు కనిపించాయి. వాటిని మందుబిళ్ళల సీసాలో వేసుకుని పశువుల దవాఖానకు వెళ్ళాను. డాక్టరు భూతద్దంతో చూసి, "ఇంట్లో ఆవుందా?" అన్నాడు.

"కాలనీలో ఆవెక్కడిదండీ? కుక్క ఉండేది, పంపించేశాం."

"కుక్కను పట్టేవి వేరే రకం. ఇవి ఆవుల్నీ గేదెల్నీ పట్టేవి. కడుపు నిండగానే రాలిపడి, మూలల్లో గుడ్లు పెడతాయి."

సీసా మూత బిగిస్తుంటే గుర్తొచ్చింది. గృహప్రవేశానికి ఆవునూ దూడనూ మాట్లాడింది నేనే. ముహూర్తాల రోజుల్లో వ్యానులో వనస్థలిపురం నుంచి మా దాకా ఇల్లిల్లూ తిరిగే ఆవు అది. హాల్లో పేడ వేస్తే శుభమని మురిసిపోయాం. పసుపు రాసి, అరటిపళ్ళు పెట్టి, దండం పెట్టి సాగనంపాం. పాపం, దాని తప్పు మాత్రం ఏముంది?

ఇంటికొచ్చి కాపలావాడి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాలుగు రోజులు ఇద్దరం ఎల్బీ నగర్ వెళ్ళి, మెట్రో స్తంభాల వెంట, బస్సులు ఆగే చోటల్లా వెతికాం. ఎక్కడా దొరకలేదు.

చివరి రోజు ఆటోలో తిరిగొస్తుంటే ఆమె అడిగింది. "గవి ఆవుయి అని గప్పుడే తెలిస్తే ఏం జేస్తుంటిరి సార్?"

"ఊడ్చేసి, మందు చల్లుకునేవాళ్ళం," అన్నాను.

అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. ఇల్లు చేరేదాకా ఆమె ఆటోలోంచి తల బయటికి పెట్టి, రోడ్డు మీది కుక్కల్నే చూస్తూ వచ్చింది.