సావింట్ల బూట్లు

వనపర్తిలో బస్సెక్కి ఫోన్లో ఇంగ్లీషు నాటకం వింటున్నాను. ఒక టీవీ సీరియల్లోని డిటెక్టివ్‌ని పెట్టి, వినడానికి మాత్రమే చేసిన కథ. విక్టోరియా రాణి కాలంనాటి లండన్లో, ఒక ఇంట్లో హత్య. మూడు భాగాలు విన్నా హంతకుడెవరో అంతుచిక్కడం లేదు.

పక్కన కూర్చున్న ముసలావిడ, "ఏంది బిడ్డా, గంత పరేషాన్‌గ వింటున్నవ్?" అంది. కథ చెప్పి, ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాను. ఇంగ్లీషు రాకపోయినా కళ్లు మూసుకుని వింది. గదిలోకి టకటకమని బూట్ల చప్పుడు రాగానే కళ్లు తెరిచింది.

"ఇప్పుడొచ్చినోడే చంపిండు. సావింట్లకు చెప్పులతోటి వస్తుండు."

"ఆయన డిటెక్టివ్ అవ్వా. ఆడ అందరు బూట్లతోనే ఇంట్లకొస్తరు."

"అయితె అందరు గలిసే చంపిండ్రు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పెద్దమందడిలో దిగేముందు ఇయర్‌ఫోన్ నా చేతిలో పెట్టి, "మా అన్న పోయిండు బిడ్డా, ఆడికే పోతున్న" అంది.

నాటకం చివరి భాగంలో, హత్యకు గురైనాయన మేనల్లుణ్ణి డిటెక్టివ్ పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. మళ్లీ విన్నప్పుడల్లా శవం దాకా నడిచిపోయే ఆ డిటెక్టివ్ బూట్ల చప్పుడే వినిపిస్తుంది. గుమ్మం దగ్గర ఒక్కసారైనా ఆగుతాడేమోనని చూస్తుంటాను.