నన్ను తీసుకోవద్దన్న మా బావ

చక్కెర మిల్లు టైం ఆఫీసు గుమాస్తాగా, అంతకు మించి మా మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు మార్గదర్శిగా, బోధన్ పట్టణ క్రీడాభిమానులకు ఆరాధ్యుడిగా వెలిగిన శ్రీ గంగారాం గారు పోయిన వారం పరమపదించారు. ఆ దుర్వార్త తెచ్చిన గేటు జవానును నేను మొదట నమ్మలేదు. గోదాములో బస్తాల మధ్య నిలబడి అతనితోనే వాదానికి దిగాను. "నిన్న పొద్దుగూకేటాల్లకు నాతోటి కొట్లాడిన మనిషి ఇయ్యాల ఎట్ల పోతడు?" అన్నాను. జవాను నా చేతిలోని బస్తా కొక్కెం తీసుకొని పక్కన పెట్టి, నన్ను చెయ్యి పట్టుకొని గేటు దాకా నడిపించాడు. అప్పుడు గాని నాకు సంగతి ఎక్కలేదు.

ఇక నుంచి 'గారు' అనను. ఆయన మా సత్తెక్క భర్త, నాకు బావ. బతికుండగా ఎవరైనా గారు అని పిలిస్తే, ఎవరిని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూసేవాడు.

ఫుట్‌బాల్ విమర్శలో ఇంతటి ధురంధరుడైన ఈ మహనీయుడు జన్మలో ఒక్కసారే బంతిని తన్నాడు. మైదానం గట్టున నిలబడి ఆట చూస్తుంటే బంతి దొర్లుకుంటూ ఆయన కాళ్ల దగ్గరికి వచ్చింది. "అన్నా, తన్నే!" అని పిల్లలు కేకలు వేశారు. బావ ఉత్సాహం పట్టలేక తన్నాడు. బంతి ఉన్నచోటే ఉంది. కాలి చెప్పు మాత్రం ఎగిరి, పక్క రోడ్డు మీద మిల్లులోకి పోతున్న చెరుకు బండిలో పడింది. మా జట్టుకు బట్టలు కుట్టే దర్జీ ఖాజా మియా అది కళ్లారా చూశాడు. ఆ ఏడాది చెరుకు సీజన్ అయ్యేదాకా మియా చక్కెర ముట్టలేదు.

తాను ఆడలేడు గనుకనే ఆడేవాళ్లను అంత నిష్పక్షపాతంగా చూడగలిగాడని నా అభిప్రాయం. మా మిల్లులో ఒక ఆనవాయితీ ఉండేది. దసరా దాటాక, చెరుకు సీజన్ మొదలయ్యే ముందు కొత్తగా పనివాళ్లను పెట్టుకునేవారు. ఆట వచ్చిన ఒకరిద్దరికి జట్టు కోసం అందులో చోటు దొరికేది. ఎవరిని తీసుకోవాలన్నది పేరుకు జట్టు సెక్రెటరీ నిర్ణయం. ఆ దొరకు టెన్నిస్ మీదనే గాని ఫుట్‌బాల్ మీద ధ్యాస లేదు. అందుకని మహబూబ్ భాయ్ హోటల్లో ఏమనుకుంటున్నారో కనుక్కొని అదే ఖాయం చేసేవాడు. కాబట్టి అసలు ఎంపిక హోటల్లో, చాయ కప్పుల మధ్య జరిగేది.

ఆ చర్చలు విన్నవాళ్లు ధన్యులు. ముందు వరుసకు మనిషి కావాలని ఒకరు, వెనక కాపలా సరిగా లేనిదే ముందు ఎందరుంటే ఏం లాభమని ఇంకొకరు. ఒకసారి ఎవరో కుర్రవాడి గురించి, వానికి ఎడమ కాలు అసలే ఆడదు అన్నారు. ఖాజా మియాకు కోపం వచ్చింది. "రెండు కాళ్లు బరాబర్ ఉన్నయి భయ్. వాని పైజామా కుట్టింది నేనే" అన్నాడు. ఇంత లొల్లిలోనూ బావ సాసర్లో చాయ పోసుకొని ఊదుకుంటూ కూర్చునేవాడు. అందరి గొంతులూ ఎండిపోయాక ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాటకు తిరుగులేదు.

"ఆటగాణ్ణి గెలిచిన నాడు సూడొద్దు. ఓడిన తెల్లారి సూడాలె" అనేవాడు. అన్నట్టే చేసేవాడు కూడా. బాల్కొండలో ఒక ఫార్వర్డు ఉన్నాడని, వాడు తంతే గోడ పగులుతుందని హోటలంతా ఊగిపోయింది. వాళ్ల జట్టు ఓడిపోయిన మర్నాడు బావ బస్సెక్కి పోయాడు. ఆ వీరుడు పాలు పిండుతూ, నిన్నటి రిఫరీ చేసిన అన్యాయమంతా బర్రెకు చెప్పుకుంటున్నాడట. బావ పలకరించకుండానే తిరిగొచ్చాడు. "రెఫరీ మీద బర్రెకు ఫిర్యాదు చేసేటోడు మనకెందుకు?" అన్నాడు. ఇంకా ఎవరో ఏదో అనబోతే సాసర్ ఎత్తి నోటికి పెట్టుకున్నాడు. విషయం అక్కడితో ముగిసింది.

ఇంతటి ధర్మమూర్తికి నా వల్ల ధర్మసంకటం వచ్చిపడింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. మా జట్టు గోల్కీపర్, అంటే మా వాళ్ల భాషలో గోలి, మోకాలు విరగ్గొట్టుకున్నాడు. నిజామాబాద్ జట్టుతో ఏటా జరిగే పోటీ దగ్గర పడింది. హోటల్లో రెండు పేర్లు లేచాయి. ఒకటి రుద్రూర్ హన్మాండ్లు. చెరుకు తోటల్లో పని చేసేవాడు, మాట తక్కువ, చేతులు పొడుగు. రెండవది రెంజల్ పోశెట్టి. అంటే నేను.

బడిలో చదువుకునే రోజుల్లో నేను గోల్ కాసిన మాట నిజం. అయితే బావ అభిప్రాయం అంతకు ముందే స్థిరపడిపోయింది. కొత్త అల్లుడుగా మా ఇంటికి దసరాకు వచ్చినప్పుడు, సీతాఫలాల గంపలోంచి ఒకటి తీసి, "పోశెట్టీ, పట్టు!" అని నా మీదికి విసిరాడు. పండు నా రెండు చేతుల నడుమ నుంచి నిరాటంకంగా సాగిపోయి మా బాపు కొత్త ధోవతి మీద పగిలింది. ఆ క్షణంలో బావ ముఖంలో కనిపించిన తీర్పు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా అక్కకు ఈ సూక్ష్మాలు పట్టవు. తమ్ముడికి మిల్లులో నౌకరి కావాలి, అంతే. "నీ మాట మీద ఊరంత నడుస్తది. నా తమ్ముని కోసం నీ నోట్లె నుంచి ఒక్క మాట రాదా?" అని పట్టుకుంది. "మాట వస్తది సత్తెమ్మా. గదే నా భయం" అన్నాడట బావ. మర్నాటి నుంచి ఆయనకు ఇంట్లో చక్కెర లేని చాయ మొదలైంది. ఊరూరికీ చక్కెర పంపే బోధన్‌లో ఉండి, మా బావ చప్పటి చాయ తాగి టైం ఆఫీసుకు పోయేవాడు. ఎవరికీ చెప్పుకోలేదు. హోటల్లో రెండు చెంచాలు ఎక్కువ వేయించుకుంటుంటే మహబూబ్ భాయే కనిపెట్టాడు.

తీర్పు రోజున హోటల్లో నిలబడటానికి చోటు లేదు. నేను తలుపు దగ్గర బెంచీ అంచున కూర్చున్నాను. బావ ఆ రోజు సాసర్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"సూడుండ్రి. పోశెట్టి నా బామ్మర్ది. మంచి పిలగాడు. గని గోలికి పనికిరాడు. చేతులున్నయి, బంతి వచ్చేటాల్లకు అవి యాడ ఉంటయో వానికే ఎరుక లేదు. హన్మాండ్లును తీస్కోండ్రి."

మహబూబ్ భాయ్ భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "వాహ్, గంగారామన్నా! ఇంట్ల చాయల చక్కెర బంద్ అయినా గని సొంత బామ్మర్దిని ఒద్దంటున్నవు. గిసొంటి మనిషి యాడ దొరుకుతడు?"

"నీ ఈమాన్‌కు, నీ నీతికి సలాం భాయ్" అన్నాడు ఖాజా మియా. "గని నీ ఈమాన్ కోసం పిలగాని నసీబ్ ఖరాబ్ కావొద్దు. చుట్టమని నువ్వు ఒద్దంటున్నవు. మేం తీస్కుంటం."

బావ కంగారు పడ్డాడు. "ఈమాన్ కాదు భయ్! నిజంగనే వానికి రాదు!"

"సూసిండ్రా, ఇంక దాస్తున్నడు."

బావ సీతాఫలం సంగతి చెప్పాడు. అందరూ నవ్వారు. మా అక్క మీద ఒట్టు పెట్టాడు. పాపం, ధర్మం కోసం పెండ్లాం మీద కూడా ఒట్టు పెడుతున్నాడని జాలిపడ్డారు. చివరికి బావ బల్ల గుద్ది, "వీనికంటె ఆ గోల్ కట్టె నయం. దానికి తాకన్న బంతి ఎన్కకు వస్తది!" అని అరిచాడు. అంత నిందిస్తున్నాడంటే పిలగాడు ఎంత గొప్పవాడై ఉంటాడో అనుకున్నారు. ఆ మాటతో నా ఎంపిక ఖాయమైపోయింది. సత్యం పలికి ఓడిపోయిన మనిషిని నేను ఆ రోజు ప్రత్యక్షంగా చూశాను. చూస్తూ కూడా, బావ లోలోపల నన్ను మెచ్చుకుంటున్నాడనే నమ్మాను.

నిజామాబాద్ పోటీ గురించి ఎక్కువ చెప్పను. మైదానం తడిగా ఉంది, ఇది మాత్రం ఇప్పటికీ చెబుతాను. ఎన్ని గోల్స్ అయ్యాయన్నది జట్టు గౌరవం దృష్ట్యా చెప్పకపోవడమే మంచిది. ఆట సాగినంతసేపూ బావ నా గోల్ వెనకాలే నిలబడ్డాడు. బంతి నన్ను దాటి పోయినప్పుడల్లా తానే పోయి తెచ్చి నా చేతికి ఇచ్చాడు. వచ్చేటప్పుడు లారీలో ఖాజా మియా బావ వైపు తిరిగాడు.

"గంగారాం భాయ్, నీకు ఎరుకే గద. జెర ముందుగాల చెప్పొద్దా?"

"చెప్పిన గదనే!"

"చెప్పినవు. గని మేం నమ్మేటట్టు చెప్పాలె గద."

మర్నాడు పొద్దున్నే బావ నా గదికి వచ్చాడు. ఓడిన తెల్లారి చూడాలన్న నియమం బామ్మర్దికీ వర్తిస్తుంది కాబోలు. నేను మైదానం తడి గురించి వివరించాను. "ఊఁ" అన్నాడు. చాయ కూడా తాగకుండా సైకిల్ ఎక్కి నేరుగా రుద్రూర్ పోయాడు. హన్మాండ్లు వచ్చాడు, గోల్ ముందు నిలబడ్డాడు, ఆ తర్వాత చాలా ఏళ్లు మా జట్టుకు దిగులు లేకుండా పోయింది. నన్ను గోదాముకు మార్చారు. అక్కడ పట్టుకోవలసింది ఏదీ గాలిలో ఎగిరి రాదు. ఆ కొలువే నాకు పర్మనెంటు అయి, నేటికీ నా పిల్లలకు అన్నం పెడుతున్నది.

బావ మాత్రం పాపం ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. అప్పటి నుంచి ఎవరి పేరు చెప్పినా, "వీడు నాకు చుట్టం కాడు" అని మొదలు పెట్టేవాడు. ఖాజా మియా అంతటితో వదిలేవాడు కాదు, వకీలు తీరుగా అడిగేవాడు. "మీ అత్తగారి దిక్కు?" "కాడు." "మ్యానమామ దిక్కు?" "కాడయ్యా, కాడు!" చుట్టరికం తేలాక గాని ఆట దగ్గరికి వచ్చేవాళ్లు కారు.

నా పెండ్లి కుదిర్చింది బావ. నా బిడ్డకు విషజ్వరం వస్తే నిజామాబాద్ దవాఖానలో నాతోపాటు నేల మీద పడుకున్నది బావ. అడిగినవీ ఇచ్చాడు, అడగనివీ ఇచ్చాడు. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. గోల్కీపర్‌గా నేను మరీ అంత పనికిమాలినవాణ్ణి కాదన్న ఒక్క మాట ఆయన నోట వినాలని నా కోరిక. ప్రతి దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, అడిగేవాణ్ణి. ఆయన నవ్వి, కౌగిలించుకొని అలయ్ బలయ్ తీసుకునేవాడు. మాట మాత్రం దాటేసేవాడు.

దవాఖాన వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చివరి రోజు సాయంత్రం మంచం పక్కన కూర్చొని మళ్లీ అడిగాను. "బావా, ఇగనన్న చెప్పు. నేను మరీ అంత అద్వానమా?"

బావ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. నేను వంగి చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"పోశెట్టీ."

"ఆఁ, చెప్పు బావా."

"హన్మాండ్లు మంచోడుండెరా."

"గీ యాళ్లప్పుడు గూడ నీకు హన్మాండ్లేనా?" అని లేచి వాకిట్లోకి వచ్చేశాను. లోపల బావ నవ్వుతున్నాడు, నవ్వుతో దగ్గు వస్తున్నది, అక్క నన్నే తిడుతున్నది. జవానుతో నేను చెప్పిన కొట్లాట అదే. ఆయనతో నా ఆఖరి మాట అదే అయింది.

మర్నాడు మహబూబ్ భాయ్ హోటల్ మూసేసి వచ్చాడు. అందరూ వచ్చారు. బావకు ఇద్దరూ ఆడపిల్లలే, పెద్దల్లుడు అగ్గి పట్టుకున్నాడు. పాడె ఎవరు మొయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ఆ హోటల్ జనం ముందు ఎవరిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. ముందర ఎత్తు మనుషులుండాలని ఒకరు, బరువంతా వెనకనే పడుతుందని ఒకరు. "పోశెట్టి ముందల ఒద్దు" అన్నాడు ఖాజా మియా, నా వైపు చూడకుండా. "కోపం చెయ్యకు తమ్మీ. మాటకు చెప్తున్న." గొంతులు పెరిగాయి. కొంతసేపటికి అందరూ అలిసిపోయి ఆగారు. ఆగి, అలవాటు కొద్దీ, అందరూ ఒక్కసారే బావ వైపు తిరిగారు.

ఆయన తెల్లగుడ్డ కింద పడుకొని ఉన్నాడు. అక్కడున్న వాళ్లలో ఏడవని వాడు లేడు. ఆయన లేడన్న సంగతి మాకు నిజంగా తెలిసింది అప్పుడే.

లోపలి నుంచి సత్తెక్క వచ్చింది. "లొల్లి బంద్ చెయ్యిండ్రి. ఎవలు మొయ్యాల్నో ఆయన నిన్ననే చెప్పిండు. ముందల ఒక దిక్కు పోశెట్టి. ఇంకో దిక్కు హన్మాండ్లు."

"పోశెట్టినా?" అన్నాడు ఖాజా మియా. "గంగారాం భాయ్ తన నోటితోటే అన్నడా, భాభీ?"

"అన్నడు. పక్క పొంటి హన్మాండ్లు ఉంటడు గద, భయం లేదు అన్నడు."

చావింట్లో నవ్వు వినిపించింది. ముందు నవ్వింది నేనే. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపై కూలబడితే, హన్మాండ్లు వచ్చి నా చంకల కింద చేతులు పెట్టి లేపాడు.

నన్ను పొగిడేవాళ్లు ఈ లోకంలో ఇకముందు కూడా దొరుకుతారేమో. చక్కెర లేని చాయ తాగుతూ కూడా నా గురించి నిజమే చెప్పిన మనిషి మళ్లీ దొరకడు. ఈ ఏడు జట్టులో ఎడమ పక్క చోటు ఖాళీగా ఉంది. హోటల్లో పేర్లు చెప్పుకుంటున్నారు, తెల్లారేదాకా చెప్పుకున్నా తేలదు. ఆ మహానుభావుని ఆత్మకు శాంతి కలగాలని కోరుకుంటున్నాను. మా వాదనలు అక్కడికి వినిపిస్తే మాత్రం ఆ శాంతి దక్కదు.

ఆ రోజు పాడె లేపాము. దారిలో భుజం మారుస్తామని మిల్లు వాళ్లు, హోటల్ వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ముందుకు వచ్చారు. వెనక ఇద్దరూ మారారు. కొంత దూరం పోయాక హన్మాండ్లు కూడా మారాడు. నన్ను కూడా మారమన్నారు. నేను మారలేదు. బావ తీసుకున్న ఆటగాణ్ణి ఆట మధ్యలో మార్చే అధికారం ఎవరికీ లేదు.