గూఢచారి తాగేదాకా

మార్టిన్‌కి ఒక్క విషయంలోనే పట్టింపు. గూఢచారి సినిమాని దానికి తగిన విస్కీ లేకుండా చూడకూడదు. దేవుడి విషయంలో కూడా ఆయనకి ఇంత నిష్ఠ లేదని భార్య సత్యవతి అనేది.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. భిలాయి సెక్టర్ 6లో ఆయన క్వార్టరు, స్టీల్ ప్లాంటులో ఫిట్టరు పని. ఆదివారం సాయంత్రం కాగానే వీసీడీ ప్లేయరు మీద గుడ్డ తీసేవాడు. ఉన్నది ఒకే సినిమా, పాత నలుపు తెలుపుది. ఉన్నది ఒకే సీసా, నేవీలో ఉన్న బావమరిది విశాఖ నుంచి తెచ్చింది. ప్రేక్షకుడు కూడా ఒక్కడే, ప్లాంటులోనే బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసే స్నేహితుడు విలియం.

"చలిదేశం కథరా ఇది. దీనికి పొగవాసన విస్కీయే నప్పుతాది," అని మార్టిన్ ప్రతివారం ప్రకటించేవాడు.

విలియం గ్లాసు వాసన చూసి, "ఈ పొగ పీల్చడానికి ప్లాంటోళ్ళు నాకు జీతం ఇస్తన్నార్రా," అనేవాడు.

తర్వాత సమీక్ష మొదలయ్యేది. గూఢచారి ఇనప్పెట్టె తెరవబోతే మార్టిన్ బొమ్మ ఆపేసేవాడు. ఆ నట్టుకి ఆ పానా పట్టదనీ, ఆ మణికట్టు జన్మలో మర తిప్పలేదనీ చెప్పి, తన పెట్టెలోంచి అసలైన పానా తెచ్చి చూపించేవాడు. అలా సినిమా రాత్రి భోజనాల వేళకి గాని పూర్తయ్యేది కాదు.

విలియం కూతురు ఏంజెలాకి ఇందులో నవ్వాల్సిందేమీ కనిపించలేదు. తల్లి మెర్లిన్ పోయాక, తండ్రి ఆదివారం మూత తీసిన సీసాని సోమవారం డ్యూటీ దాకా వదిలేవాడు కాదు. ఇంకొక్కసారి తాగి వస్తే ఉద్యోగం ఉండదని డిపార్ట్‌మెంటులో చెప్పేశారు. ఈ మధ్య ఇంట్లో సీసా కనిపించడం లేదు. మార్టిన్ ఇంట్లో కనిపిస్తోందన్నమాట. ఒక ఆదివారం ఆమె తండ్రి వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, నాన్న నౌకరీ పోతే ఇంకోటి మీరిప్పిస్తారా?"

విలియం తల దించుకున్నాడు. మార్టిన్ కుర్చీ చూపించాడు.

"కూకో. సినిమా మధ్యలో మాట్లాడకూడదు."

ఆ నియమం తనకి వర్తించదు. రెండు గ్లాసుల్లో మూతెడు మూతెడు విస్కీ పోశాడు. విలియం చెయ్యి వెంటనే గ్లాసు మీదికి వెళ్ళింది.

"ఆగరా. ఆడు తాగినప్పుడే మనం. లేపోతే నప్పదు."

తెర మీద గూఢచారి హోటల్లో కూర్చుని గ్లాసు ఎత్తాడు. విలియం కూడా ఎత్తాడు. ఫోను మోగింది. గూఢచారి గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. విలియం కూడా పెట్టేశాడు. ఇంకోచోట గూఢచారి, విషం కలిపారని అనుమానించి, గ్లాసు పూలకుండీలో ఒంపేశాడు.

"ఈవారమైనా తాగుతాడనుకున్నాన్రా," అన్నాడు విలియం దిగులుగా.

చిట్టచివర, గూఢచారి రైలెక్కి ఒకే ఒక గుక్క తాగాడు. విలియం కూడా తన మూతెడు గుక్క మింగాడు. సత్యవతి వెంటనే చేపల పులుసు వడ్డించింది. అన్నం తిన్నాక ఆ ఇంట్లో గ్లాసు ముట్టుకోరు. విలియం మారు వడ్డించుకుని తిని, సైకిలు తొక్కుకుంటూ తిన్నగా ఇంటికి వెళ్ళాడు.

ఏంజెలా గ్లాసులు కడగబోయింది. మార్టిన్ గ్లాసులో పోసింది పోసినట్టే ఉంది. ఆయన దాన్ని గరాటు పెట్టి జాగ్రత్తగా సీసాలోకి వంపుతున్నాడు.

"మీరు తాగలేదేం, బాబాయ్?"

"పొగ కంపమ్మా. కడుపులో తిప్పుతాది."

"మరి సినిమా నచ్చిందా?"

"ఏటి నచ్చడం? పానా పట్టుకోడం రానోడు." మార్టిన్ సీసా మూత బిగించాడు. "సానా సినిమాలు సూశాను. మిగతా గూఢచారులు కూకుంటే తాగుతారు, నిలబడితే తాగుతారు. ఈడొక్కడే బుద్ధిమంతుడు."

ఏంజెలా రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది.

తరవాతి వారం ఆమె సివిక్ సెంటర్ బజారులో వెతికి ఇంకో పాత సీడీ తెచ్చింది. మార్టిన్ దాన్ని అటూ ఇటూ తిప్పి గంభీరంగా పరీక్షించాడు. కథేమిటని అడగలేదు.

"ఈడెన్నిసార్లు తాగుతాడు?"

"ఒక్కసారే. అదీ చాయ్."

మార్టిన్ సీడీని చొక్కాతో మెల్లగా తుడిచి, వంటింటి వైపు తిరిగాడు.

"సత్యవతీ, దీనికి అల్లం టీయే నప్పుతాది."