తపసు మాను ఎక్కిన మామ

పోయిన వారం తిరుత్తణి సినిమా హాల్లో మా మామ జీవితకథ చూస్తుండగా, పక్క సీటావిడ లవంగం నమిలింది. ఆ ఘాటు తగలగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. తెరమీద మామ వేషం కట్టిన నటుడు అప్పుడే తపసు మాను ఎక్కుతున్నాడు.

మా ఆర్.కె.పేట వైపు ఎండాకాలమంటే భారతం తిరునాళ్లే. పానకం, వడపప్పు, ఉప్పూకారం అద్దిన మామిడిముక్కలు, పద్దెనిమిది రోజుల మద్దెల మోత. అర్జునుడు శివుడి కోసం తపస్సు చేసే రోజున తాటిచెట్టంత మాను నిలబెడితే, వేషగాడు మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కేవాడు, పైనుంచి అతను విసిరే నిమ్మకాయ కొంగులో పడితే కడుపు పండుతుందని పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద కాచుకునేవారు. మామ అర్జునుడంటే బస్సులు చాలేవి కావు. ఆయన గొంతు విని ఏడవని మనిషి లేడు, ఆయన కోపానికి భయపడని చుట్టమూ లేడు. ఆ వేషానికి దీక్షగా కంకణం కట్టుకున్నవాడు మందు ముట్టకూడదు. మామ ముట్టాడు.

ఆ మధ్యాహ్నం ముఖానికి రంగు పూసుకుంటూ గుప్పెడు లవంగాలు నోట్లో వేసుకున్నాడు. ఎనిమిదేళ్ల నేను ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడ్డాను. లవంగాల చాటున సారా కంపు కొట్టింది.

"యాడా చెప్పొద్దు పాపా. మొదటి నిమ్మకాయ మీ అక్క కొంగులోనే ఏస్తా."

పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేని అక్క కోసం నోరు మూసుకున్నాను. సగం మాను ఎక్కాక పద్యం మధ్యలో గొంతు ఆగింది, కాలు తడబడింది. ముందు నిమ్మకాయలు రాలాయి, వెనకే మామ. ఆయన మళ్లీ లేవలేదు.

మెట్టు ఊడిందన్నారు పెద్దలు. మెట్లు బిగించిన మునెయ్య ఆచారిని ఆ తర్వాత ఎవరూ పనికి పిలవలేదు. సినిమావాళ్లు ఇంటికొచ్చి అడిగినప్పుడూ నేను బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాను. అందుకే తెరమీదా మెట్టే ఊడింది. హాలంతా మామ కోసం ఏడ్చింది. ఇప్పుడు మాది ఇనుప మాను, వెల్డింగు మెట్లు. చెక్కమెట్టు కొట్టేవాళ్లే లేరు.

బయటికొస్తే గోడ పట్టుకుని మునెయ్య తాత.

"సినిమాలో గూడా నా మెట్టే ఊడిపాయె గదా పాపా. నేను గెట్టిగానే కొట్టినాను. నువ్వు కిందనే ఉండావు గదా, చూసినావా?"

ఇక దాచలేకపోయాను. లవంగాలు, సారా, నిమ్మకాయ, అన్నీ చెప్పేశాను.

"ఇన్నేండ్లూ నీకు తెలిసే ఉండాదా?"