తల లేని వంజరం ముక్క

విమానాశ్రయంలో వండే తిండిని నేనెన్నడూ నమ్మలేదు. వంద విమానాలు ఎక్కినవాణ్ణి, ఆ మాట అనే హక్కు నాకుంది. వంద అంటే, సరే, ఆ రోజు ఎక్కబోయేది మూడోది.

ఆ మధ్యాహ్నం హైదరాబాదు విమానం ఆలస్యమన్నారు. సరే, ఇక్కడే తినేద్దామని భోజనానికి ముందు వేసుకునే షుగరు మాత్ర మింగాను. మింగాక చూసుకుంటే, ఇంట్లో కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా ఆటోలో ఉండిపోయింది. అరగంటలో అన్నం పడకపోతే నాకు చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమటలు పడతాయి. ఒకసారి అలాగే ఎలమంచిలి స్టేషనులో కూలబడ్డాను. కాబట్టి తినక తప్పదు. కానీ దేన్ని నమ్మి తినడం?

మొదటి కౌంటరులో ఇడ్లీలు మరీ తెల్లగా ఉన్నాయి. మినప్పప్పుకి అంత తెలుపు రాదు. పక్కన గాజుపెట్టెలో సమోసాలు. అవి నిన్నటివి కావని ఎవరు చెప్పగలరు? చివరి కౌంటరులో వంజరం పులుసు, అన్నం. వాసన బాగుంది. అదే నా అనుమానం. మసాలా అంత దట్టించారంటే ఏదో దాస్తున్నారన్నమాట.

అక్కడున్నావిడకి ముప్పై అయిదేళ్లుంటాయి. నెత్తిన వలటోపీ.

"ఇది ఎప్పటి సేపమ్మా?"

"పొద్దున్నదే సార్."

"ఏ పొద్దున్న?"

ఆవిడ నవ్వలేదు.

"ఫిషింగ్ హార్బర్‌లో నలభై ఏళ్లు సేపలు వేలం ఏసినోణ్ణి నాను. తలకాయ సూపించు, అప్పుడు నమ్ముతాను."

పాత చేపకి కళ్లు లోపలికి పోతాయి, మొప్పలు నల్లబడతాయి. అందుకే దాచదలచుకున్నవాడు ముందు తల కోసి అవతల పారేస్తాడు.

"తలకాయలు ఇక్కడ అమ్మం సార్."

"అదీ సంగతి," అన్నాను, గెలిచినవాడిలా. కానీ బల్ల అంచు పట్టుకున్న నా వేళ్లు అప్పటికే వణుకుతున్నాయి.

ఆవిడ వాటికేసి చూసింది. "సుగరా తాతా?" అంటూ బల్ల కింద నుంచి తన టిఫిను డబ్బా తీసి మూత తెరిచింది. అన్నం మీద పులుసులో మునిగిన వంజరం తల. "తలకాయలు మేవే తింటాం. పాడైన సేపైతే మేం తింటామేటి? కూకో."

అయినా అనుమానం చావలేదు. "ముందు నువ్వో ముద్ద తిను," అన్నాను. నా కళ్లలోకి చూస్తూనే తిన్నది. అప్పుడు కూర్చున్నాను.

బుగ్గ కండ, కంటి వెనక జిగురు, ఏదీ వదల్లేదు. పులుసులో మామిడికాయ ముక్క కూడా ఉంది. వణుకు తగ్గింది, సిగ్గు మొదలైంది.

"అమ్మా, నాను వేలం ఏలేదు. ఐస్ ప్లాంటులో దిమ్మలు కొట్టీవోణ్ణి. అదీ పదకొండేళ్లే."

"తెల్సు," అంది, అప్పుడు నవ్వి. "మా నాన్న ఆ హార్బర్‌లోనే వేలం ఏత్తాడు. వేలం ఏసినోడు నడుం ముక్క అడుగుతాడు తాతా. తలకాయలు ఐస్ కొట్టినోళ్లకే పంచీవోరు. నువ్వు తలకాయ అన్నప్పుడే అనుకున్నాను."

"మరప్పుడే అనొచ్చు కదా?"

"అంటే తినకుండా లేసిపోతావు."

విమానానికి పిలిచారు. డబ్బా కడిగి ఇస్తానంటే లాక్కుంది. గేటు దగ్గర వరుసలో నిలబడ్డాక, ఆవిడ ఇక ఏం తింటుందోనని వెనక్కి తిరిగి చూశాను. మొదటి కౌంటరు నుంచి తెచ్చుకున్న ఆ తెల్లటి ఇడ్లీలు తుంచుకుని తింటోంది.

అవి మినప్పప్పువే అయ్యుంటాయని ఆ ఒక్క పూటకీ నమ్మాను.