కరిగిన షీటు విషయమై ఆలస్యపు వివరణ

మా కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ల్యాబ్ అటెండరుగా పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు గత మంగళవారం అరసవల్లిలోని స్వగృహంలో కాలం చేశారు. ఈ సమాచారం మా వాట్సాప్ గ్రూపులో, ఒక సహోద్యోగి పుట్టినరోజు కేకు ఫొటో కిందనే వెలువడింది. తదుపరి వచ్చిన నమస్కారాల్లో ఏది ఎవరికి చెందుతుందో నేటికీ నిర్ధారణ కాలేదు. నాది మాత్రం ఆయనకే.

యువ పాఠకులకు మనవి. ఒకప్పుడు పాఠాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద అచ్చువేసి, ప్రొజెక్టరు దీపం మీద పెట్టి గోడపై చూపేవాళ్లం. విభాగానికి ఉన్నది ఒక్కటే లేజర్ ప్రింటర్. దాని సంరక్షణ ఆయనది. లోపల ఇస్త్రీపెట్టెలా కాలే రోలరు ఉంటుంది. ఆ వేడికి ఓర్చే షీటు వేరు, ఓర్వనిది వేరు; చూపుకు రెండూ ఒకటే. అందుచేత కొత్త ప్యాకెట్ వచ్చినప్పుడల్లా, అట్ట మీద ఏం రాసి ఉన్నా, ఆయన ఒక షీటు తీసుకుని గేటు బయట ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లేవారు. బండివాడు దాన్ని రెండు కాగితాల మధ్య పెట్టి బొగ్గులపెట్టెతో నొక్కేవాడు. ముడుచుకుంటే ప్యాకెట్ వాపసు. ఈ విధానానికి ఆధారమైన ఉత్తర్వు ఏదీ లేదు.

నెగ్గిన షీట్లను అంచులు పట్టుకుని ఒక్కొక్కటే పెట్టేవారు. ప్రింటర్ వెనక తలుపు తెరిచి, వంపు తిరగకుండా తిన్నగా బయటికి రానిచ్చేవారు. "సల్లారకుండా ఒకదాని మీదొకటి ఎయ్యకండి బాబూ, అతుక్కుపోతాయి" అనేవారు.

తనిఖీ బృందం రానున్న ఒక ఉదయం, ఆయన కొత్త ప్యాకెట్లోని షీటుతో ఇస్త్రీ బండి దగ్గర ఉండగానే, ఓపిక పట్టలేక అదే ప్యాకెట్లోని షీటొకటి నేను ప్రింటర్‌కు సమర్పించాను. అది రోలరుకు చుట్టుకుని కరిగింది. పట్టకారుతో లాగుతుండగా, ముడుచుకుపోయిన షీటు చేతబట్టుకుని ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"ఏటది బాబూ! లాగకండి, రోలరు గీసుకుపోద్ది! ముందు స్విచ్చాపండి, సల్లారనీండి."

అప్పటికే ఆలస్యమైంది. ప్రింటర్ మరి పనిచేయలేదు. ఎవరి పని అని ప్రిన్సిపాలు గారు అడిగారు. నేను నోరు తెరిచేలోగా "నేనేనండి" అన్నారాయన. మెమో జారీ అయింది. సాక్షిగా నేను సంతకం చేశాను. నాది అప్పట్లో ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఆ నెలలోనే పొడిగింపు.

ఎందుకలా చెప్పారని వరండాలో అడిగాను.

"మీకు ఉజ్జోగం కొత్త. నాకు మెమోలు పాతే."

ఆయన సర్వీసు పుస్తకంలో అది తప్ప మరో మెమో లేదని తర్వాత తెలిసింది. ఆయన ఆడినవి రెండు అబద్ధాలు. ఇన్నేళ్లలో నేను ఒక్క నిజం చెప్పలేకపోయాను.

మొన్న వాళ్లింటికి వెళ్లి, ప్రింటర్ పాడుచేసింది నేనని ఆయన భార్యకు చెప్పాను.

"ఇంట్లో కూడా తనే పాడుసీసినానని సెప్పీవోడు. ఇప్పుడు నాకెందుకు బాబూ? ఆయనికే సెప్పండి."

గోడనున్న ఫొటో ముందు నిలబడి, చేతులు కట్టుకుని, జరిగింది జరిగినట్టు విన్నవించడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఆమె అంది:

"గట్టిగా సెప్పండి. ఆయనికి కుడి సెవి ఇనబడదు."

ఎడమ చెవి వైపు జరగబోయాను. ఫొటోలో మనిషికి ఎడమ ఎటువస్తుందో తేలక, చెప్పులు లేని కాళ్లతో ఆ గచ్చు మీద కాసేపు అటూ ఇటూ జరుగుతూనే ఉన్నాను.