‘ఎంతలో ఎంత?’ అని అడిగే మాస్టారు

మా లెక్కల మాస్టారు పోయారు. ఆ కబురు నాకు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. మాచర్లలో బస్సెక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని, పేపర్ ఒళ్లో పెట్టుకుని రోజూలాగే ఆయన నంబర్ నొక్కాను. మోగి మోగి ఆగిపోయింది. స్నానానికి వెళ్లుంటారులే అనుకున్నాను. కాసేపటికి ఆ నంబర్ నుంచే ఫోన్ వచ్చింది. “ఏంది మాస్టారూ, ఇయ్యాల లేటు?” అన్నాను. అవతల ఆడగొంతు. “నేనమ్మా, కింద పోర్షన్ ఖాజాబీని. టీ తీసుకుపోయి పిలిస్తే పలకలా. డాక్టర్ వచ్చి చూశాడు. మాస్టారు లేరమ్మా.”

తర్వాతి స్టాపులో దిగి, వెనకే వచ్చిన నరసరావుపేట బస్సెక్కాను. పేపర్ చేతిలోనే ఉంది గానీ మడత విప్పబుద్ధి కాలేదు. ఆయన వినని పేపర్ నాకెందుకు అనిపించింది. పక్కనున్నావిడ “ఒకసారి ఇవ్వమ్మా” అంటే ఇచ్చేశాను. మళ్లీ అడిగి తీసుకోలేదు.

ఆయనెవరో మీకు చెప్పాలి. గురజాల దగ్గర మా ఊరి హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక నరసరావుపేటలో ఒక మేడ మీది పోర్షన్ అద్దెకు తీసుకుని ఉన్నారు. పిల్లల్లేరు. ఆయన భార్య పోయాక ఒక్కరే అయిపోయారు. తర్వాత కళ్లల్లో నీటికాసులొచ్చి చూపు కూడా పోయింది. కింద పోర్షన్‌లో ఉండే మోటారుసైకిళ్ల మెకానిక్ భార్య ఖాజాబీ టీలూ భోజనాలూ చూసేది. నేనూ లెక్కల టీచర్నే. మా ఆయన పోయిన దగ్గర్నుంచి మాచర్లలో ఒంటరిగా ఉంటూ రెంటచింతల దారిలో ఒక ఊరి బడికి రోజూ బస్సులో వెళ్లొస్తున్నాను. ఆ బస్సులో కూర్చుని ఫోన్లో మాస్టారికి పేపర్ చదివి వినిపించడం నా అలవాటు.

మీరు నవ్వుకోవచ్చు. బస్సులో వాళ్లు కూడా మొదట్లో నవ్వారు. తర్వాత ముందు సీటువాళ్లు చెవులు ఇటు వేసేవాళ్లు. కండక్టర్ అయితే, “మేడమ్, ఆ నీళ్ల గొడవ సంగతి ఇంకోసారి చదవండి, ఇంజన్ మోతలో ఇనపళ్లా” అనేవాడు. ఆ అరగంట మాస్టారికి ఎంత అవసరమో నాకూ అంతే అవసరం. బళ్లో రోజంతా అరుస్తాను, ఇంటికెళితే పలకరించే దిక్కుండదు. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అంటే “సరేలే, చదువు” అనేవారు.

ఆయన వినే పద్ధతి వేరు. వార్తలో అంకె వచ్చిందంటే చాలు, “ఆగాగు. ఎంతలో ఎంత?” అనేవారు. ఒకరోజు మొదటి పేజీ నిండా పిల్లల ఫోటోలు, ర్యాంకుల ప్రకటన. ఇంతమందికి సీట్లొచ్చాయని పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు.

“ఎంతమంది చేరితే ఇంతమందికి వచ్చినయ్యంట?” అన్నారు.

“అది రాయలేదు మాస్టారూ.”

“రాయడే. రాస్తే మిగతా పిల్లకాయలు కనపడతారు గదా.”

వేసవిలో రెంటచింతల ఎండ రాష్ట్రంలోకెల్లా ఎక్కువని చదివితే, “మన పల్నాడు ఫస్టొచ్చే సబ్జెక్టు అదొక్కటేనే” అనేవారు. అట్లా నవ్వించేవారు గానీ, నవ్వొచ్చే వార్తలు రోజుకొకటి దొరకడమే గగనం. పొద్దున్నే పేపర్ విప్పితే బోల్తాపడ్డ ఆటో, పొలంగట్టు దగ్గర తలలు పగిలిన తగాదా, పురుగుమందు తాగిన రైతు. “ఎందుకు మాస్టారూ పొద్దున్నే ఈ చావులన్నీ, పాటలు పెట్టుకుని వినండి హాయిగా” అన్నానొకసారి. ఆయన పాఠం చెప్పినట్టే చెప్పారు.

“భిన్నంలో పైది లవం, కిందది హారం. పేపరోడికి లవమే కావాల. కూలోళ్ల ఆటో బోల్తాపడితే రాస్తాడు. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి చేరిన ఆటోలెన్నో రాస్తాడా? అయ్యన్నీ కిందుంటయ్. కింద ఏముందో తెలవకుండా పైది చూసి బెదిరిపోతే ఎట్టా?”

ఇంకొక అలవాటు. ‘క్షతగాత్రులను ఆస్పత్రికి తరలించారు’ అని చదివితే అక్కడితో వదిలేవారు కాదు. మర్నాడు, “నిన్న దెబ్బలు తగిలినోళ్లు ఏమయ్యారు?” అని అడిగేవారు. పేపర్లో ఎందుకుంటుంది? చచ్చిపోతేనే కదా మళ్లీ వార్త. అందుకని ఖాజాబీ మొగుణ్ణి పెద్దాస్పత్రికి పంపి కనుక్కునేవారు. తర్వాత నాకు ఫోన్లో, “ఇద్దరు ఇంటికి పోయారంట. ఇంకొకాయన గంజి తాగుతన్నాడంట” అని చెప్పేవారు. అంత దుఃఖంలో మా ఇద్దరికీ దొరికే మంచి వార్త అదే.

ఒకసారి మనసు బాగోక ఒక పేజీ మొత్తం దాటేశాను. “ఏమే, మూడో పేజీ నుంచి ఐదుకి దూకావు. నాలుగు ఎక్కడికి పోయింది?” అన్నారు. కళ్లు లేకపోయినా ఏ పేజీలో ఏ వార్తలుంటాయో ఆయనకు తెలుసు. “అందులో ఒక్కటీ మంచిది లేదు మాస్టారూ” అన్నాను. “చెడ్డదైతే మాత్రం నాలుగు నాలుగు కాకుండా పోద్దా? చదువు” అన్నారు. చదివాను.

ఇంత ధైర్యంగా లెక్క చెప్పే మనిషి ఒకసారి ఆ లెక్కతోనే తప్పు చేశారు. ఆ తప్పు నా విషయంలోనే జరిగింది. ఆయన్ని ఎక్కువ చేసి చెబితే ఆయనకే నచ్చదు కాబట్టి అదీ చెబుతాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న మిరపకాయల బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళుతున్న లారీ తిరగబడింది. రైతులు తమ బస్తాల మీదే కూర్చుని వెళ్లేవాళ్లు. నాన్న ఇంక తిరిగి రాలేదు. దినాలయ్యాక బడికి వెళ్లాను. అప్పట్లో మాస్టారు రోజూ పేపర్లోంచి ఒక వార్త తీసుకుని బోర్డు మీద లెక్క కట్టేవారు. మేం దాన్ని పేపర్ లెక్క అనేవాళ్లం. మా క్లాసులో చాలామంది ఇళ్లల్లో మిరప తోటలే, వాళ్ల నాన్నలూ లారీ ఎక్కాల్సినవాళ్లే. పిల్లలందరూ బిక్కచచ్చిపోయి ఉన్నారు. నాన్నని లారీ ఎక్కనివ్వనని ఒక పిల్లవాడు అన్నం మానేశాడని కూడా ఆయన చెవిన పడింది.

ఆ భయం పోగొడదామని మాస్టారు ఆ రోజు పేపర్ లెక్క వేశారు. కాయల కాలంలో మా పక్కనుంచి యార్డుకు వెళ్లే లారీలు కింద, తిరగబడ్డవి పైన. భాగిస్తే బిందువు తర్వాత సున్నాలే సున్నాలు. “చూశారంట్రా, ఎంత చిన్నదో. బెదరాల్సిన పన్లా” అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడి, బోర్డు మీద సున్నాల వంకే చూస్తూ, “మా ఇంట్లో ఒకటికి ఒకటి మాస్టారూ” అన్నాను.

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. నేను పుస్తకాలు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి లెక్కల పీరియడ్ అంటే నేను సైకిళ్ల షెడ్డులో ఉండేదాన్ని. పరీక్షలో తెల్లకాగితం ఇచ్చాను. లెక్కలు తప్పితే పదో తరగతి లేదు, పది లేకపోతే చదువు అక్కడితో సరి. మా అమ్మ, “రాని లెక్కల కోసం కొట్టుకోవడం ఎందుకే, నాతో కాయల కోతకి రా” అంది. సరే అన్నాను. నిజంగానే మానేద్దామనుకున్నాను.

అప్పుడొక సాయంత్రం మాస్టారు చంకలో పేపర్ పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. నాతో మాట్లాడలేదు. వసారాలో మంచం మీద కూర్చుని అమ్మతో, “కళ్లు మండుతన్నయమ్మా, అక్షరాలు ఆనటంలా. మీ అమ్మాయి గొంతు గట్టిది. కాసేపు ఈ పేపర్ చదివిపెట్టమను” అన్నారు. మాస్టారు అడిగితే అమ్మ కాదంటుందా? నేను ఆయనతో జన్మలో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నదాన్ని. చదవడం మాట్లాడటం కిందికి రాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని చదివాను.

మర్నాడూ వచ్చారు. ఆ తర్వాతా వచ్చారు. లెక్కల ఊసే ఎత్తేవారు కాదు. నేను చదివేదాన్ని, ఆయన ఊ కొట్టేవారు, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయేవారు. ప్రమాదం వార్త వస్తే చదవడం ఆపేసేదాన్ని. ఆయన తొందరపెట్టకుండా కూర్చునేవారు. ఒకరోజు, పంట పోయిన రైతులకు పరిహారం అందిందని ఏదో వార్త చదువుతున్నాను. ఇంతమందికి ఇచ్చారని ఉంది. “ఎంతమందిలో?” అనేశాను. అనుకుని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. మాస్టారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. తర్వాత, “దీంట్లో లేదమ్మా. రేపు క్లాసులో చూద్దామా?” అన్నారు.

వెళ్లాను. ఆ రోజు ఆయన క్లాసులో అందరి ముందూ, “భిన్నం ఊరికి పనికొస్తది, ఇంటికి పనికిరాదు. ఈ సంగతి మీలో ఒక పిల్ల నాకు చెప్పింది. నేను మాస్టర్నయ్యి కూడా నాకు తెలవలా” అన్నారు. మళ్లీ ఎప్పుడూ పోయినవాళ్లని పేపర్ లెక్కలో పెట్టలేదు.

చానాళ్ల తర్వాత, నిజంగా చూపు పోయాక, మొదటిసారి ఫోన్లో చదువుతుంటే ఆయనే అన్నారు. “అప్పుడు నా కళ్లు నిక్షేపంగా ఉన్నయే. మీ వీధి మొగలో నుంచే నీ మూతిముడుపు కనపడేది.” నాకు తెలియక కాదు. ఆ వయసులోనే కనిపెట్టాను. ఆయన చెప్పేదాకా నేనూ బయటపడలేదు, అంతే.

నేను టీచర్నయ్యాక కూడా ఆయన దగ్గర పాఠాలు మానలేదు. పిల్లలకి లెక్కలంటే జ్వరమొస్తోంది మాస్టారూ అని మొత్తుకునేదాన్ని. “లెక్క తప్పినోణ్ణి కొట్టబాక. తప్పులో వాడు నడిచొచ్చిన దారి ఉంటది. ఆ దారెమ్మట నువ్వు ఎనక్కి పో, ఎక్కడో ఒకచోట వాడు కూర్చోనుంటాడు” అనేవారు. జవాబులన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి, ఇంక నేనెందుకు అంటే, “జవాబు దొరికిద్ది. అడగాలనే బుద్ధి ఎక్కడ దొరికిద్దో కనుక్కుని చెప్పు, నేనూ తెచ్చుకుంటా” అని ఎద్దేవా చేసేవారు. నా క్లాసులో ఏదన్నా మంచి జరిగిందంటే అది ఇట్లా తిట్లు తిని నేర్చుకున్నదే.

నేను వెళ్లేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. చిలకలూరిపేట నుంచి తమ్ముడి కొడుకు వచ్చి తలకొరివి పెట్టాడు. పాత విద్యార్థులు కొద్దిమంది వచ్చారు. ఖాజాబీ మెట్ల మీద కూర్చుని, “పొద్దున్నే ఫోన్ స్పీకర్లో నీ గొంతు మా ఇంట్లోకి కూడా ఇనపడేదమ్మా. ఇంక మాకు పేపర్ లేదు” అని ఏడ్చింది. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు మళ్లీ బస్సెక్కాను. జిల్లా పేజీలో అడుగున రెండు లైన్లు వేశారు, విశ్రాంత ఉపాధ్యాయుడి మృతి అని. మనసులో చదువుకున్నాను. “ఏం మేడమ్, ఇయ్యాల చదవట్లా?” అన్నాడు కండక్టర్. “వినేవాళ్లు లేరయ్యా” అన్నాను. అతను టిక్కెట్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. దారంతా ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. అంత పొడుగు దారి అని అంతకు ముందు నాకు తెలియదు.

తొమ్మిదో తరగతిలో ఆ రోజు సగటు పాఠం. సెలవు ఎందుకు పెట్టానో పిల్లలకు తెలిసిపోయింది. అంకగణిత సగటు అని బోర్డు మీద రాసి, చేతికి వచ్చిన ఒక లెక్క వేసి, చెప్పలేక చెప్పలేక చెబుతున్నాను. ముందు బెంచీలో ఒక పిల్ల లేచింది. మామూలుగా నోరు విప్పని పిల్ల.

“మేడమ్, మీ మాస్టారికి ఎన్నేళ్లు?”

చెప్పాను. ఆ పిల్ల వేళ్ల మీద ఏదో చూసుకుని, మొహం వెలిగించుకుని అంది. “అయితే సగటు ఆయుష్షు కంటే చానా ఎక్కువే బతికారు గదా మేడమ్. మీరు బాధపడబాకండి.”

ఒక్క క్షణం నాకు ఆ పాత మంటే లేచింది. ‘ఒకటికి ఒకటి’ అన్న ఆ మాట కూడా నాలుక మీదికి వచ్చేసింది. అంతలో ఆ పిల్ల మొహం చూశాను. నాకు ఇవ్వడానికి తన దగ్గరున్నది ఆ ఒక్క లెక్కే, దాన్నే తెచ్చి ఇచ్చింది. లారీల లెక్క వేసిన రోజు మాస్టారి మొహం నేను చూడలేదు. కోపంలో బోర్డే చూశాను. ఇన్నేళ్లకు ఇప్పుడు ఈ పిల్లలో అది కనపడింది, ఆయన లేకుండా పోయాక.

“నీ లెక్క కరెక్టేనమ్మా” అన్నాను. కుర్చీలో కూర్చుని, పిల్లలందరి ముందూ ఏడ్చేశాను. వాళ్లు తలలు దించుకున్నారు. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు. తన లెక్కలో ఎక్కడ తప్పు పోయిందోనని బోర్డు వంక చూస్తూ అట్లాగే నిలబడి ఉంది.